మల్లేశ్వర్ జట్టు ఎందుకోడింది

ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక శ్రీశైలం వికారాబాద్‌లోని తన ఫ్లెక్సీ షాపు షట్టర్ సగం దించి కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. వారం పొడవునా ఆ కంప్యూటర్లో పుట్టినరోజు బ్యానర్లు, దండాలు పెట్టే నాయకుల బొమ్మలు తయారయ్యేవి. ఆదివారం మాత్రం అది బేస్‌బాల్ లీగ్‌ది. ఎనిమిది జట్ల ఆటలను ఒక్క బటన్ నొక్కి నడిపించడం, ఫలితాలు వాట్సాప్ గ్రూపులో పెట్టడం అతని పని. ఆ ఆదివారం ఫైనల్. ఫలితం పెట్టి టీ గ్లాసు ఎత్తేలోపే తాండూరు నుంచి మల్లేశ్వర్ ఫోన్ చేశాడు.

"అరేయ్ శైలం, మల్ల ఓడిన గదరా."

"చూసిన రా."

"నా టీం రేటింగ్ ఎనభై ఆరు. శ్రీహరిగానిది అరవై తొమ్మిది. ఎనభై ఆరు మీద అరవై తొమ్మిది ఎట్ల గెలుస్తది? జర నువ్వే చెప్పు."

"ఆట గదరా. అప్పుడప్పుడు గట్లయితది."

"అప్పుడప్పుడా? ఇది మూడో ఫైనల్. మూడింటికి మూడు గట్లనే అయితయా?"

శ్రీశైలం ఏదో చెప్పబోయేలోపే ఫోన్ కట్టయింది. అతను టీ తాగలేకపోయాడు.

వాళ్ళిద్దరిదీ చిన్ననాటి స్నేహం. వికారాబాద్ దగ్గరి గురుకుల పాఠశాలలో ఆరో తరగతి నుంచి పక్కపక్క మంచాలు. మల్లేశ్వర్‌ది పెద్దేముల్, తండ్రి ఎంకయ్య ఇప్పటికీ గొర్రెల వెంట పోతాడు. శ్రీశైలానిది మర్పల్లి. ఆ బడిలో వ్యాయామం సారు పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పాడు. మల్లేశ్వర్ బంతి విసిరేవాడు, శ్రీశైలం వెనక కూర్చుని పట్టేవాడు. మల్లేశ్వర్ చేతిలోంచి బంతి బయలుదేరకముందే అది ఎటు వస్తుందో శ్రీశైలం చేతికి తెలిసిపోయేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోవాల్సిన పని ఉండేది కాదు.

లాక్‌డౌన్‌లో షాపు మూసుకుని కూర్చున్నప్పుడు శ్రీశైలానికి ఇంటర్నెట్‌లో ఈ ఆట దొరికింది. దీంట్లో చేతులతో ఆడేదేమీ లేదు. లేని ఆటగాళ్ళు, లేని మైదానం. ప్రతి ఆటగాడికీ బాదే బలానికి ఒక అంకె, చూపుకు ఒకటి, విసురుకు ఒకటి, పరుగుకు ఒకటి. అన్నీ కలిపితే రేటింగ్. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని ముందు దింపాలి, బంతి ఎవరికివ్వాలి అన్నవరకే మన పని. ఆ తర్వాత కంప్యూటర్ ఆడుతుంది, మనం చూస్తూ కూర్చుంటాం. పాత దోస్తులు ఎనిమిది మంది పోగయ్యారు. నడపడానికి ఒకడు కావాలి. వాణ్ణి ఆటలో కమిషనర్ అంటారు.

"నడిపేటోనికి టీం ఉండొద్దు," అని అప్పుడు మల్లేశ్వరే పట్టుబట్టాడు. "నడుపుడు మా శైలంగాడే. వాని చేతిల పెడితే దేవుని చేతిల పెట్టినట్టే."

శ్రీశైలం భార్య స్నేహలత అది విని చాలా రోజులు నవ్వింది. "మున్సిపల్ కమిషనర్ సార్, మన గల్లీల నల్లా వస్తలేదు, జర చూడుండ్రి," అని ఆటపట్టించేది.

మిగతా ఏడుగురూ దాన్ని కాలక్షేపంగానే తీసుకున్నారు. మల్లేశ్వర్ అలా తీసుకోలేదు. అతను ఏళ్ళ తరబడి హైదరాబాద్‌లో ఉండి గ్రూప్ పరీక్షలకు చదివినవాడు. కోచింగ్ సెంటర్లో ఏ మాక్ టెస్ట్ పెట్టినా గోడ మీద మొదటి పేరు అతనిదే. అసలు పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఒకసారి టైఫాయిడ్, ఒకసారి అరమార్కు తక్కువ, ఒకసారి వాయిదాల మీద వాయిదాలు. అతని దగ్గర నోట్సు జిరాక్స్ తీసుకున్నవాళ్ళకు ఉద్యోగాలొచ్చాయి. చివరికి తిరిగొచ్చి, తాండూరులో నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజర్‌గా చేరాడు. మనీషాను పెళ్ళి చేసుకున్నాడు. పనిలో మంచి పేరు తెచ్చుకున్నాడు. కానీ ఆ అరమార్కు మాత్రం అతని గొంతులో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

ఆటగాళ్ళ అంకెలను అతను పరీక్షకు చదివినట్టే చదివాడు. ఎవరు తగ్గుతున్నారు, ఎవరు పెరుగుతున్నారు, ఎవర్ని ఇచ్చి ఎవర్ని తెచ్చుకోవాలో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు. "గీడనన్న లెక్క లెక్కతీరుగ ఉంటది రా," అనేవాడు. నిజంగానే ప్రతి సీజన్‌లో అతని జట్టు పట్టికలో అందరికన్నా పైన ఉండేది. కానీ ఫైనల్ ఒక్కటే ఆట. ఆ ఒక్క ఆటా ఓడిపోయేది. మొదటిసారి నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి, శ్రీహరి చేతిలో ఓడిన ఆ సాయంత్రం, గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాడు: "బటన్ ఎవరి చేతిల ఉంటే గెలుపు వాళ్ల ఇష్టం."

శ్రీశైలం ఆ మాటను పదేపదే చదువుకున్నాడు.

"జోకేసిండేమో," అంది స్నేహలత.

"వాడు జోకేస్తే నాకు తెలుస్తది," అన్నాడు శ్రీశైలం.

మరుసటి ఆదివారం ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని తాండూరు రైలెక్కాడు. మాటలతో తేలేది కాదు, కళ్ళకు చూపిస్తేనే నమ్ముతాడు అనుకున్నాడు. ధారూర్ దాటాక కిటికీ పక్కన కందిచేలు పచ్చగా సాగిపోతుంటే, చెప్పాల్సిన మాటలు ఒకటికి నాలుగుసార్లు లోలోపల చెప్పుకున్నాడు.

ఆదివారమైనా యూనిట్ నడుస్తోంది. బండ కోసే రంపం మోతకు చెవులు పగిలిపోతున్నాయి. నేలంతా తెల్లటి సున్నపు నీళ్ళ బురద. కర్ణాటక వైపు నుంచి వచ్చిన కూలీలు కన్నడంలో కేకలేసుకుంటూ పలకలు మోస్తున్నారు. మల్లేశ్వర్ కనుబొమ్మల మీద కూడా రాతిపొడి పేరుకుని ఉంది. స్నేహితుణ్ణి చూసి ఆశ్చర్యపోయాడు గానీ కోపం చూపించలేదు. ఆఫీసు గదిలోకి తీసుకుపోయి, కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు.

శ్రీశైలం ల్యాప్‌టాప్ తెరిచాడు.

"దీంట్ల ఒక ఆప్షన్ ఉంది రా. కరెంటు పోయి ఆట నడుమల ఆగిందనుకో, మల్ల మొదటి కాడికి తీస్కపోనీకి ఇచ్చిండ్రు. కమిషనర్‌కే కనవడ్తది. మొన్నటి ఫైనల్‌కు ఒక కాపీ తీసిన, దాన్ని గిప్పుడు మల్ల మల్ల ఆడిపిస్త. నీ టీం, శ్రీహరి టీం, అవే రేటింగ్‌లు. నువ్వే చూడు."

మొదటిసారి శ్రీహరి జట్టు గెలిచింది. రెండోసారి మల్లేశ్వర్ జట్టు గెలిచింది. మూడోసారీ అతనిదే. అలా ఇరవైసార్లు ఆడించాడు. పదమూడుసార్లు మల్లేశ్వర్ గెలిచాడు, ఏడుసార్లు ఓడాడు. శ్రీశైలానికి గుండెల మీద బరువు దిగినట్టయింది.

"చూసినవా? రేటింగ్ అబద్ధం చెప్తలేదు. ఇరవైల పదమూడు నీవే. కానీ ఆ ఏడు గూడ ఉంటయి రా. పదిసార్ల మూడుసార్లు కొడ్తె మొనగాడనే ఆట ఇది. యాడాదంతా ఆడితే నీదే పైచెయ్యి. ఒక్క ఆటల ఎవడు చెప్పగల్గుతడు? ఆ రోజు నీ నసీబుల ఆ ఏడింట్ల ఒకటి వడ్డది. అంతే."

మల్లేశ్వర్ తెర వైపే చూస్తున్నాడు. బయట రంపం ఒక పలక కోసి ఆగింది.

"గిట్ల వెనక్కి తిప్పొచ్చని నాకెన్నడు చెప్పలే నువ్వు," అన్నాడు చివరికి.

"చెప్పే పని పడలే రా. ఎన్నడు వాడలే."

"మూడు ఫైనల్స్. మూడిట్ల ఓడిన. నీకు నచ్చింది వచ్చేదాక తిప్పినవేమో, నాకేమెరుక?"

"నేనెందుకు తిప్పుత రా? నాకు టీమే లేదాయె!"

"ఎందుకో నాకు తెల్వది. నీకే తెల్వాలె. నేను గెలుస్తుంటే చూసుడు ఎవరికి ఇష్టముంది గనక?" అతని గొంతు పెరగలేదు. అదే శ్రీశైలాన్ని ఎక్కువ భయపెట్టింది. "సరే, తిప్పలేదంటున్నవ్ గద. తిప్పలేదని సాక్ష్యం చూపియ్యి."

చూపించడానికేమీ లేదు. ఆట చివరి ఫలితాన్ని మాత్రమే దాచుకుంటుంది. వెనక్కి తిప్పితే తిప్పినట్టు, తిప్పకపోతే తిప్పనట్టు ఎక్కడా గుర్తు ఉండదు. చేసిన పనికైతే ఏదో ఒక ఆనవాలు వెతకొచ్చు. చేయని పనికి ఆనవాలు ఎక్కడి నుంచి తెస్తాడు? నిజాయితీ నిరూపించుకోవడానికి వచ్చినవాడు తన మెడకు తనే ఉరి తెచ్చి ఇచ్చినట్టయింది.

"మల్లేశా, ఇరవై ఏండ్ల సంది చూస్తున్నవ్ గదరా నన్ను."

"గందుకే ఇన్నొద్దులు అడగలే," అన్నాడు మల్లేశ్వర్, లేచి నిలబడుతూ. "చాయ్ తాగి పో."

శ్రీశైలం చాయ్ తాగకుండానే వచ్చేశాడు. ఆ సాయంత్రమే మల్లేశ్వర్ గ్రూపులోంచి తప్పుకున్నాడు.

ఆ తర్వాత వానలు వెళ్ళాయి, కందులు కోతకొచ్చాయి. ఇద్దరి మధ్య మాట లేదు. శ్రీశైలం చేస్తే మల్లేశ్వర్ ఫోన్ ఎత్తడు. లీగ్ ఏడు జట్లతో కుంటుకుంటూ నడిచింది. శ్రీశైలం ప్రతి ఆదివారం బటన్ నొక్కుతూనే ఉన్నాడు గానీ, నొక్కిన ప్రతిసారీ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టు ఉండేది.

ఒకరోజు మనీషా ఫోన్ చేసింది. ఆమె ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి కాదు.

"అన్నా, ఈయన మునుపటి తీరుగ లేడు," అంది. "పనికి పోతడు, వస్తడు, గోడ దిక్కు తిరిగి పంటడు. అన్నం పెడ్తె ఏం కూరనో గూడ చూడడు. అడిగితే, 'ఎంత చేసినా గంతే, లెక్కంటూ ఏం లేదు' అంటడు. నాకు భయమైతుంది."

"నేను ఫోన్ చేస్తే ఎత్తుతలేడు చెల్లే."

"ఒక్కసారన్న ఆయనను గెలిపియ్యరాదా అన్నా?"

శ్రీశైలం ఉలిక్కిపడ్డాడు. ఆమె గొంతులో తప్పుపట్టడం లేదు. పిల్లాడికి బిస్కెట్ ఇప్పించమన్నంత మామూలుగా అడిగింది.

"అది నా చేతిల లేదమ్మా."

"అందరు అదే అంటరు," అంది మనీషా. "ఉంటనన్నా," అని పెట్టేసింది.

మల్లేశ్వర్‌ను తిరిగి లీగ్‌లోకి తెచ్చింది మార్త. ఆమె బాలికల గురుకులంలో వ్యాయామం టీచర్. ఒకప్పుడు రాష్ట్రం తరఫున సాఫ్ట్‌బాల్ ఆడింది. లీగ్‌లో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి. తాండూరులో ఏదో టోర్నమెంటుకు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు నేరుగా యూనిట్‌కే వెళ్ళి మల్లేశ్వర్‌ను పట్టుకుంది.

"నువ్వు లేకపోతే నేను గెలిచినా గెలిచినట్టు లేదు మల్లేశన్నా," అందట. "మా పిల్లలల్ల మస్తు మంచిగ విసిరే పిల్లొకతి ఉంది. జిల్లా ఫైనల్ల ఒక్క బాల్ సక్కగ పడలే. ఇంక బాల్ ముట్టనని ఏడ్చుకుంట కూసుంటే రెండు చీవాట్లు పెట్టిన. నీక్కూడ పెట్టాల్నా?"

అతను తిరిగొచ్చాడు. గ్రూపులో అందరితో మాట్లాడాడు, శ్రీశైలంతో తప్ప. కొత్త సీజన్ సాగింది. మళ్ళీ అతని జట్టే పట్టికలో పైన నిలిచింది. మళ్ళీ ఫైనల్‌కొచ్చింది. ఎదురుగా మార్త జట్టు. ఆమెది రేటింగ్ డెబ్బై నాలుగు, అతనిది ఈసారి ఎనభై ఎనిమిది.

ఫైనల్ ఆదివారం శ్రీశైలం షట్టర్ పూర్తిగా దించాడు. ఒక పెళ్ళి బ్యానర్ మెషీన్ మీద మెల్లగా బయటికి వస్తోంది. పెళ్ళికొడుకు తల వరకే వచ్చింది. ఫలితం ముందు కమిషనర్‌కు కనబడుతుంది. అతను 'అందరికీ చూపు' అని నొక్కాకే మిగతావాళ్ళకు తెలుస్తుంది. మల్లేశ్వర్ గెలిస్తే బాగుండునని ఆటలన్నిటిలో మొదటిసారి కోరుకున్నాడు. అనంతగిరి పద్మనాభస్వామికి మొక్కుకున్నాడు కూడా. బటన్ నొక్కాడు.

మార్త నాలుగు, మల్లేశ్వర్ మూడు.

శ్రీశైలం తల పట్టుకుని కూర్చున్నాడు. తాండూరులో ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తున్న మనిషి కళ్ళ ముందు మెదిలాడు. గోడ దిక్కు తిరిగిన వీపు కనబడింది. నిజం చూపిస్తే దొంగంటాడు. దొంగపని చేస్తే దోస్తంటాడు. ఎటు నొక్కినా ఏదో ఒకటి పోయేదే. అప్పటికే తన మీద పడ్డ నింద ఎలాగూ పడింది, కొత్తగా చెడేదేముంది అనిపించింది. అలా అనిపించడమే తప్పని కూడా తెలుస్తూనే ఉంది. తెలిసీ అతని చెయ్యి మౌస్ మీదికి పోయింది.

ఆటను వెనక్కి తిప్పాడు. మళ్ళీ నొక్కాడు.

మార్త ఆరు, మల్లేశ్వర్ రెండు.

శ్రీశైలానికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఎనభై ఎనిమిది రేటింగ్ ఉన్న జట్టు, తను దొంగతనానికి దిగినా గెలవనంటోంది! ఇక ఆపుదామనుకున్నాడు. ఆపలేకపోయాడు. మళ్ళీ వెనక్కి తిప్పి మూడోసారి నొక్కాడు. ఈసారి మల్లేశ్వర్ జట్టు చివరి వంతులో రెండు పరుగులు చేసి గెలిచింది. శ్రీశైలం కళ్ళు మూసుకుని 'అందరికీ చూపు' నొక్కాడు.

ఫోన్ వెంటనే మోగింది.

"శైలం!" ఆ గొంతు విని ఎన్నాళ్ళయింది! "గెలిచిన రా! లాస్ట్ ఇన్నింగ్స్‌ల గెలిచిన!"

"చూసిన రా. ముబారక్."

తర్వాత మల్లేశ్వర్ నెమ్మదిగా, "నిన్ను మస్తు అనరాని మాటలన్న రా," అన్నాడు. "మనసుల పెట్టుకోకు."

శ్రీశైలం ఊఁ కొట్టాడు.

వారం తిరిగేలోపు మల్లేశ్వర్ మనీషాను తీసుకుని రైల్లో వికారాబాద్ వచ్చాడు. మార్త, శ్రీహరి, ఇంకో ఇద్దరు కలిశారు. అందరూ అనంతగిరి కొండెక్కారు. గుళ్ళో దర్శనమయ్యాక చెట్ల కింద దుప్పటి పరుచుకుని, స్నేహలత చేసిన బగారన్నం, కోడికూర తిన్నారు. కోతులు చుట్టూ చేరితే మనీషా కర్ర పట్టుకుని అదిలించింది. ఆమె ముఖం విప్పారి ఉంది. మల్లేశ్వర్ అందరి ముందూ లేచి నిలబడి, శ్రీశైలం భుజం మీద చెయ్యేశాడు.

"వీన్ని నేను దొంగ అన్న. ఇప్పుడెట్ల గెలిచిన మరి? వీడు దొంగైతే నన్ను గెలవనిచ్చేటోడా? తప్పు నాది. నాకు సబర్ లేకుండె, ఓపిక పట్టలే, గంతే. లెక్క జర లేటయితదేమో గాని తప్పది."

అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీశైలం నీళ్ళ సీసా అందుకున్నాడు.

తిరిగి దిగేటప్పుడు మార్త పక్కన నడిచాడు. ఆమెకన్నా చెప్పాలి. పోయింది ఆమె గెలుపు.

"మార్తా, ఆ ఫైనల్ ఉంది చూడు..."

"ఏం ఫికర్ చెయ్యకన్నా," అని ఆమె మధ్యలోనే అందుకుంది. "ఓడుడు నాకు కొత్తనా? నా టీం మంచిగనే ఆడింది. బటన్ నీ చేతిల ఉన్నన్నొద్దులు నాకు అనుమానమే లేదు."

ముందు నడుస్తున్న మల్లేశ్వర్ వెనక్కి తిరిగి ఏదో జోకేశాడు. మార్త నవ్వుతూ అటు పరుగెత్తింది. శ్రీశైలం చెప్పకుండానే కొండ దిగాడు.

అంతటితో ఆగినా అతను ఎలాగో మోసుకుని బతికేవాడు. ఆగలేదు. పదిహేను రోజులయ్యాక మల్లేశ్వర్ ఫోన్ చేసి, యూనిట్లో పని మానేశానన్నాడు.

"మల్ల చదువుత రా. హైదరాబాద్‌ల రూమ్ మాట్లాడుకున్న. సోమారం పోతున్న."

"ఏందిరా గది? మంచిగున్న పని!"

"వెనకకు చూస్తే అరమార్కుల పోయింది రా నాకు. తెలివి లేక పోలే. నా రేటింగ్ నాకు తెల్సు. ఇన్నేండ్లు నసీబు లేదనుకుని కూసున్న. అది తప్పని ఈ ఆట చూపిచ్చింది. అడ్డం పడకుంట ఆడుకుంట పోతే వస్తది. నాలుగో ఫైనల్‌ల రాలే?"

తన చేత్తో రెండుసార్లు వెనక్కి తిప్పి పుట్టించిన గెలుపు మీద ఒక మనిషి తన సంసారాన్ని నిలబెడుతున్నాడు. శ్రీశైలం మర్నాడే తాండూరు వెళ్ళాడు.

అద్దె ఇంట్లో మల్లేశ్వర్ పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుతున్నాడు. మనీషా లోపల రొట్టెలు చేస్తోంది. జొన్నపిండి తట్టే చప్పుడు వినబడుతోంది. శ్రీశైలం కూర్చోకుండానే చెప్పేశాడు.

"మల్లేశా, ఆ ఫైనల్ నువ్వు గెలవలే. మార్త గెలిచింది. రెండుసార్లు గెలిచింది. నేనే వెనక్కి తిప్పి, నువ్వు గెలిచింది వచ్చేదాక నొక్కిన. తప్పు చేసిన. నువ్వు నా మొకం మీద ఉమ్మేసినా సరే, గా గెలుపును నమ్మి మాత్రం పని ఇడిసిపెట్టకు."

మల్లేశ్వర్ చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. శ్రీశైలం ముఖంలోకి చూశాడు. కొడతాడేమో, తిడతాడేమో అని శ్రీశైలం ఎదురుచూశాడు. మల్లేశ్వర్ మెల్లగా నవ్వాడు.

"నన్ను ఆపనీకి ఎంత అబద్ధమాడుతున్నవ్ రా!"

"అబద్ధం కాదు. ఒట్టు."

"నువ్వు గట్లాంటోనివి కాదు. నాకు తెల్సు. ఒకసారి నిన్ను అనుమానించి పాపం కట్టుకున్న, మల్ల అనుమానించమంటవా?" లేచి వచ్చి స్నేహితుడి చెయ్యి పట్టుకున్నాడు. "మనీషా ఫోన్ చేసి చెప్పమందా? భయపడుతుందని నాకెరుకే. నువ్వు నా కోసమే చెప్తున్నవ్, అది గూడ ఎరుకే. కానీ నీ మీద నువ్వే నింద ఏసుకునుడు బాగలేదు."

"మార్తను అడుగు."

"మార్తకేం తెల్సు?"

నిజమే. మార్తకేమీ తెలీదు. ఎవరికీ తెలీదు. శ్రీశైలం ఒట్లు పెట్టాడు, బతిమాలాడు, చివరికి కోప్పడ్డాడు. ఎంత చెబితే మల్లేశ్వర్ కళ్ళలో అంత ప్రేమ పెరిగింది. ఆ రోజు యూనిట్లో నిజం చెబితే దొంగను చూసినట్టు చూసిన కళ్ళే అవి. రొట్టె తిని పొమ్మన్నాడు. ఈసారి కాదనలేక శ్రీశైలం తిన్నాడు.

ఆటో దాకా మనీషా వచ్చింది. చేతులకింకా పిండి ఉంది.

"నువ్వు చెప్పింది నిజమే గదన్నా?" అంది నెమ్మదిగా.

శ్రీశైలం తలూపాడు.

"నేను లోపట్నుంచి విన్న. నీ గొంతు వింటేనే తెల్సింది." ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. "నేనే అడిగిన గద గెలిపియ్యమని."

"నువ్వడిగినందుకు కాదు చెల్లే. నాకే ఓర్వరాక చేసిన."

"ఆయన మొకం చూసినవా? పెండ్లయిన కాంచి గా మొకం నేను చూడలే." ఆమె ఇంటి వైపు తిరిగి చూసింది. "ఇంక చెప్పకన్నా. చెప్పినా ఇనడు. పోనియ్యి."

మల్లేశ్వర్ హైదరాబాద్ వెళ్ళిపోయాడు. మనీషా కందిపప్పు మిల్లులో ప్యాకింగ్ పనికి కుదిరింది. శ్రీశైలం కళ్ళ నొప్పులని చెప్పి లీగ్ బాధ్యత శ్రీహరికి అప్పగించాడు. దానికోసం శ్రీహరి తన జట్టును వదులుకున్నాడు. కొత్త సీజన్‌లో కూడా మల్లేశ్వర్ జట్టు పట్టికలో పైనే ఉందని గ్రూపులో చదివి, ఫోన్ పక్కన పెట్టేసేవాడు.

ఎండలు ముదిరాక ఒకరోజు షాపులో ఉండగా మనీషా ఫోన్ చేసింది. వెనక మిల్లు చప్పుడు గట్టిగా వస్తోంది.

"పరీక్ష తారీకు పడ్డదట అన్నా. ఇప్పుడే చెప్పిండు. బాగ చదివిన అంటుండు."

"మంచిదమ్మా."

"ఈపారి వస్తదంటవా?"

శ్రీశైలం మెషీన్ వైపు చూశాడు. ఎవరిదో షాపు ఓపెనింగ్ బ్యానర్ సగం బయటికొచ్చి ఉంది. తెలీదని చెప్పాలనుకున్నాడు. ఎవరికీ తెలీదని చెప్పాలనుకున్నాడు.

"వస్తది చెల్లే," అన్నాడు.